బరంపురంలో పాత ఇంటి వీధిగోడ: సున్నపు గచ్చు నిలవడం లేదు

బరంపురంలో మా తాతల నాటి ఇల్లు. వెనక భాగం తీసేసి స్లాబు ఇల్లు కడుతున్నాం. వీధి వైపు గోడను మాత్రం అరుగు, చెక్క స్తంభాలతో సహా అలాగే నిలబెట్టాలని మా పట్టుదల. ఇటుక, సున్నంతో కట్టిన గోడ, మందం 18 అంగుళాలు. వానలు మొదలవగానే నేల నుంచి 3 అడుగుల దాకా చెమ్మ ఎక్కి తెల్లటి ఉప్పు పొంగుతోంది, వేలు తగిలితే చాలు గచ్చు రాలిపోతోంది. మేస్త్రీ సిమెంటు పూస్తే పెళ్ళలుగా ఊడింది. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదట, ఇక దాని జోలికి వెళ్ళం. అదంతా చెక్కించి, నానబెట్టిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక 3 పాళ్ళు కలిపి పూయించి, తడి గోనెలు కప్పాం. మళ్ళీ అదే ఎత్తులో పొడి లేస్తోంది.

గచ్చు పూసే ముందు ఇటుకల్లోని ఉప్పును ఎలా లాగేయాలి?