అప్‌డేట్: మ్యూనిక్ నుంచి పంపిన జీపీఏ గుంటూరులో చెల్లింది

బ్రాడీపేటలోని మా ఇల్లు అమ్మేందుకు, గుంటూరు రాకుండానే తమ్ముడికి జీపీఏ (నా తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) ఇవ్వవచ్చా అని లోగడ అడిగాను, ఇవ్వవచ్చు, ఇచ్చాను. భారత కాన్సులేట్‌లో సంతకం చేసి, ధ్రువీకరించిన అసలు పత్రాన్ని కొరియర్‌లో పంపగా, 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ ప్రకారం అది దేశంలో అందిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి కనుక, తమ్ముడు వెంటనే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి తీసుకువెళ్ళాడు.

నన్ను నిజంగా ఏడిపించింది పేరు. ఇంటి దస్తావేజులో నా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. రెండూ ఒకరి పేర్లేనన్న వాక్యం మొదట పంపిన జీపీఏలో లేదని కొనేవారి న్యాయవాది ఒప్పుకోకపోవడంతో, మళ్ళీ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఎదురుచూశాను. దయచేసి ఆ వాక్యం ముందే రాయించుకోండి.

అమ్మేది ఎన్నారై అయితే ధర 50 లక్షల లోపైనా కొనేవారు టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించాలి కాబట్టి, ప్రస్తుతం ఆ లెక్క ఆడిటరు చూస్తున్నారు.