హన్మకొండలో పాత ఇల్లు, 7.2 కిలోవాట్ల ఇండక్షన్ హాబ్: వైరింగ్, ఎర్తింగ్ ఎట్ల చేయించాలె?

గట్టుమీది_పొయ్యి (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఇల్లు హన్మకొండల, సింగిల్ ఫేజ్ కనెక్షన్. కరెంటు బిల్లు మీద లోడు 3 కిలోవాట్లు, మీటరు మీద 5-30 ఆంపియర్లు అని ఉన్నది. ఇప్పటికే రెండు ఏసీలు, ఒక గీజర్ నడుస్తున్నయి. ఇప్పుడు కిచెన్‌ల నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ (7.2 కిలోవాట్లు), గోడలో పెట్టే ఓవెన్ (3 కిలోవాట్లు) పెట్టాలె. మీటరు నుంచి గట్టు దాకా పైపు దారి దాదాపు 20 మీటర్లు. ఉన్న పవర్ ప్లగ్గుకే కలిపితే సాలు, 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) మారుస్తే అయిపోతదని ఎలక్ట్రీషియన్ అంటున్నడు. అది సరేనా? ఎర్తింగ్ సంగతి కూడా చెప్పండి.

కాజీపేట_వైరింగ్

కలపకండి. పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. 7200ని 230తో భాగిస్తే 31 ఆంపియర్లు దాటుతది. ఆ ప్లగ్గుకు పోయే వైరు చాలా ఇండ్లల్ల 2.5 స్క్వేరే (స్క్వేర్ అంటే చదరపు మిల్లీమీటరు, వైరు మందం). వైరు మార్చకుంట ఎంసీబీని 32 చేస్తే వైరు కాలిపోయినా ఎంసీబీ పడదు. ఎంసీబీ కాపాడేది వైరును, పొయ్యిని కాదు. అందుకే ముందు వైరు సైజు, తర్వాత దానికి తగ్గ ఎంసీబీ.

20 మీటర్ల దూరమంటే పోను రాను 40 మీటర్ల రాగి. పొయ్యిలన్నీ ఫుల్ పెడితే 2.5 స్క్వేర్ వైరు దారిలనే 300 వాట్లు వేడిగ పోతది, అదంతా గోడ లోపలి పైపుల. 6 స్క్వేర్‌ల అది 125 వాట్ల చుట్టూ ఉంటది. అయినా మన ఎండాకాలంల పైపు లోపల 6 స్క్వేర్‌కు 31 ఆంపియర్లంటే అంచు మీదున్నట్టే. సింగిల్ ఫేజ్ మీదనే ఉంచుకుంటే ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ 10 స్క్వేర్ రాగి, కొత్త పైపుల, మధ్యల జాయింటు లేకుంట.

కానీ మీ మీటరు 30 ఆంపియర్లది. హాబ్ ఒక్కటే దాన్ని నింపేస్తది, పైన ఏసీలు, గీజర్ ఎక్కడ పోవాలె? ముందు మన కరెంటు కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్‌ల అదనపు లోడుకు, త్రీ ఫేజ్‌కు దరఖాస్తు పెట్టుకోండి. త్రీ ఫేజ్ వస్తే పని తేలిక. హాబ్ వెనక ఎల్1, ఎల్2 అని రెండు టెర్మినళ్లు ఉంటయి. రెండు పొయ్యిలు ఒక ఫేజు మీద, రెండు ఇంకో ఫేజు మీద, ఓవెన్ మూడో ఫేజు మీద పంచుకోవచ్చు. అప్పుడు ఒక్కో ఫేజుకు 16 ఆంపియర్ల లోపే, 4 స్క్వేర్ సరిపోతది.

ఇక్కడ ఒక తప్పు బాగా జరుగుతది. సింగిల్ ఫేజ్ కోసం ఎల్1, ఎల్2 మధ్య చిన్న రాగి పట్టీ ఇస్తరు. అది పెట్టడం మరిస్తే రెండు పొయ్యిలే పనిచేస్తయి. త్రీ ఫేజ్‌కు మారినప్పుడు ఆ పట్టీ తీయకపోతే రెండు ఫేజులు నేరుగ తగిలి షార్ట్ అయితది. న్యూట్రల్ టెర్మినల్‌ల ఫేజు పెడితే 400 వోల్టులు పడి బోర్డు పోతది. మూత మీద ఉన్న బొమ్మ చూసే కలపండి.

జగిత్యాల_ఎర్తింగ్

పైనోళ్లు చెప్పింది కరెక్టే. ఎర్తింగ్ గురించి నేను చెప్తా, ఎందుకంటే అందరూ ఎర్తింగ్ ఉంది కదా, ఎంసీబీ పడుతుందిలే అనుకుంటరు.

లెక్క చూడండి. మీ ఎర్తింగ్ గుంత రెసిస్టెన్స్ (కరెంటు భూమిలకు పోయేటప్పుడు తగిలే అడ్డు) 5 ఓమ్స్ అనుకుందాం. ఫేజు వైరు హాబ్ బాడీకి తగిలితే పారేది మహా అయితే 46 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ రెసిస్టెన్స్ కూడా కలిస్తే ఇంకా తక్కువ. సీ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలె. 46కు అది గంటైనా పడకపోవచ్చు. అంతసేపూ స్టీలు గిన్నె, సింకు, తడి చేతులు అన్నీ దానికే తగులుతుంటయి. కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే వెంటనే ఆపే స్విచ్) లేకుంట హాబ్ ఆన్ చేయొద్దు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటది కాబట్టి ఆర్‌సీసీబీలల్ల 'A' టైపుది తీసుకోండి, 'AC' టైపుది వద్దు. సింగిల్ ఫేజ్‌కు రెండు పోల్సుది (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపేది), 40 ఆంపియర్లు. త్రీ ఫేజ్‌కు నాలుగు పోల్సుది. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు, కాబట్టి ఎంసీబీ పక్కన తప్పనిసరిగ ఉండాలె.

గుంతకు 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, 2.5 మీటర్ల పొడవు. మన దిక్కు కొంచెం తవ్వితే రాయి తగులుతది, అక్కడనే ఆపి సగం పైపు కోసి పెట్టేస్తరు. అట్ల చేయనీయకండి. రాయి తగిలితే కాస్త వాలుగ దింపియ్యండి, లేదా ఇంకో గుంత కనీసం పైపు పొడవంత దూరంల తీసి రెండూ కలపండి. చలక నేల ఏప్రిల్, మే నెలల్ల ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతది, కాబట్టి కొలత ఎండాకాలంలనే తీయించండి.

త్రీ ఫేజ్ తీసుకుంటే ఇంకొకటి. లైన్ల న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 400 దిక్కు పోతది. ఓవర్ వోల్టేజి కట్ ఆఫ్ పెట్టించుకోండి.

కరీంనగర్_మాడ్యులర్

బండ కోసే సంగతి నేను చెప్తా. 60 సెంటీమీటర్ల హాబ్‌కు సాధారణంగ 560 × 490 మిల్లీమీటర్ల కోత, అయినా మీ మోడల్ కాగితమే ప్రమాణం. కరీంనగర్ టాన్ బ్రౌన్ అయినా, నల్ల గ్రానైట్ అయినా మూలలు నిటారుగ కోస్తే వేడికి, బరువుకు అక్కడనే పగులుతది. మూలల్ల ముందు రంధ్రం వేసి గుండ్రంగ తిప్పమనండి. వెనక గోడకు 50 మిల్లీమీటర్లు వదలండి. కింద చెక్క అడ్డు పెట్టి గాలి ఆడే సందు ఉంచండి, లేకపోతే హాబ్ లోపలి ఫ్యాన్ వేడి గాలినే మళ్లీ పీల్చి హాబ్ దానంతటదే ఆగిపోతది. హాబ్ చుట్టూ సిలికాన్ పూయొద్దు, రిపేరుకు తీసేటప్పుడు అద్దం పగులుతది. హాబ్‌తో పాటు వచ్చిన ఫోమ్ పట్టీ చాలు.

హాబ్ కింది అరలో గ్యాస్ సిలిండర్ పెట్టొద్దు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందనే నిలుస్తది. ఆఫ్ చేసే స్విచ్ పక్క గోడకు ఉండాలె, పొయ్యి మీదుగ చేయి చాపే చోట వద్దు.

గట్టుమీది_పొయ్యి

చాలా థాంక్స్. ఇంకొక్క మాట: అంతా పెట్టినంక ఆర్‌సీసీబీ ఊరికే పడితే ఎట్ల తెలుసుకోవాలె?

కాజీపేట_వైరింగ్

ముందు హాబ్ తీసేసి ఆన్ చేయండి. అప్పుడు కూడా పడితే తప్పు వైరింగ్‌ల ఉన్నది. ఎక్కువ సార్లు కారణం ఒక్కటే: హాబ్ న్యూట్రల్‌ను వేరే సర్క్యూట్ న్యూట్రల్‌తో కలుపుతరు, లేదా ఆర్‌సీసీబీ దాటినంక న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో ముట్టుకుంటయి. హాబ్ తీసే ఉంచి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూడండి, వైరు నుంచి ఎర్త్‌కు 1 మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే వైరుకు ఎక్కడో దెబ్బ తగిలినట్టే. హాబ్ పెట్టినంకనే పడితే టెర్మినల్ డబ్బాల నీళ్లు చేరినయేమో చూడండి.

వైరు కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) క్రింప్ చేయించి, అంటే నొక్కి బిగించి, ఒక నెల వాడినంక మెయిన్ ఆఫ్ చేసి స్క్రూలు మళ్లీ ఒకసారి బిగించండి. వదులైన స్క్రూ దగ్గర ఆర్‌సీసీబీ గానీ ఎంసీబీ గానీ ఏమీ చేయదు. ప్లాస్టిక్ కాలిన వాసనే గుర్తు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్చేదాకా హాబ్ వాడకండి.