శ్రీలంక యుద్ధంలో మన పాత్ర గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్తారా?

మా పెదనాన్న 1987లో భారత శాంతి సేనతో ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా వెళ్లొచ్చారు. ఆయన ట్రంకు పెట్టెలో ఒక ఫొటో ఉంది. తాటిచెట్ల పక్కన ఆగిన ట్రక్కు, జవాన్ల మెడల్లో పూలదండలు. జులైలో భారత్-శ్రీలంక ఒప్పందం అయిన కొత్తలో అక్కడి తమిళులు అలా స్వాగతం పలికారట. అక్టోబరుకల్లా అక్కడే టైగర్లతో (ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈ) యుద్ధం. ఆ సంగతులు అడిగితే పెదనాన్న మాట మార్చేస్తారు.

చదివేకొద్దీ నాకు అయోమయం ఎక్కువవుతోంది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం, 1983 జులైలో తమిళుల ఊచకోత, ఇంతవరకు అర్థమైంది. గొడవ వాళ్ల ఇంట్లోదే. కానీ టైగర్ల లాంటి తమిళ మిలిటెంట్లకు శిక్షణ ఇచ్చింది మనమే, తర్వాత వాళ్లతోనే పోరాడి వెయ్యిమందికి పైగా జవాన్లను పోగొట్టుకుందీ మనమే. ఇంకో విడ్డూరం, మన సేనను సాగనంపడానికి శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస టైగర్లకే ఆయుధాలిచ్చాడు! 1990లో మన సేన వెనక్కొచ్చేసింది. అదే ఏడాది టైగర్లు ఉత్తరాది ముస్లింలను ఇళ్లు ఖాళీ చేయించి తరిమేశారు. వాళ్లు మాట్లాడేదీ తమిళమే కదా. మరి దీన్ని భాష గొడవ అని ఎలా అనుకోవాలి?

నా సందేహం ఒకటే. మనం వేలు పెట్టకపోయినా ఆ యుద్ధం 2009 దాకా సాగేదా? మా తమ్ముడు సాగేదంటాడు, నాకు నమ్మకం లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఆ సేనలో పనిచేసి ఉంటే వాళ్లేమనేవారో రాయండి. తెలుగులో మంచి పుస్తకం ఉన్నా చెప్పండి, పెదనాన్న ఇంగ్లీషు చదవరు.