కాన్సర్టీనాపై పాటకు కార్డులు (కలిపి పలికించే స్వరాలు) పట్టడంలో సందేహం
గుంటూరు నుంచి నమస్కారం. మా అక్కయ్య ఒకటో శ్రుతిలో (సి) పాడే లలిత గీతాలకు నేను 30 బటన్ల ఆంగ్లో కాన్సర్టీనా (రెండు చేతుల మధ్య తిత్తిని కదుపుతూ వాయించే చిన్న వాద్యం)పై సహకారం అందిస్తున్నాను. ఈ వాద్యంలో ఒకే బటన్ తిత్తిని నొక్కినప్పుడు ఒక స్వరాన్ని, లాగినప్పుడు మరొక స్వరాన్ని పలుకుతుంది; సి శ్రుతి బటన్ల వరుసలో స, గ, ప నొక్కితేనూ, రి, మ, ధ, ని లాగితేనూ వస్తాయి కనుక, శంకరాభరణ రాగంలోని పాట ధైవతం మీద నిలిచిన ప్రతిసారీ ఎడమచేతి సి మేజర్ కార్డు (స, గ, ప) తెగిపోతోంది. అక్కడ లాగినప్పుడు కూడా వేరే బటన్‌పై దొరికే పంచమం ఒక్కటే పట్టి ఉంచాలా, లేక ఎఫ్ మేజర్‌కు (మ, ధ, స) మారాలా? ఆమె పాడుతుండగా కుడిచేత్తో అదే పాట వరస వాయించడం గొంతుకు అడ్డమేనని నా అభిప్రాయం. అందుకని చరణాల మధ్య మాత్రమే వాయిస్తే సరిపోతుందా? హార్మోనియం తెలిసిన పెద్దలను అడిగాను గానీ, వారి వాద్యంలో తిత్తి ఎటు కదిలినా స్వరం మారదు. అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.