ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద డాల్ఫిన్ బొమ్మ: చందా డబ్బు దండగా?

రేవుగట్టు:
మాది యానాం పక్క ఊరు. మా రేవులో ఐస్ ఫ్యాక్టరీ గోడ మీద ఇరావడీ డాల్ఫిన్ బొమ్మ వేయిద్దామని కుర్రాళ్లం చందాలు పోగేశాం. అంతరించిపోతున్న జాతి కదా, నలుగురికీ తెలుస్తుందని. మా బాబాయేమో "ఆ డబ్బుతో గోడకి సున్నం కొట్టించండ్రా" అంటున్నాడు. మీరేమంటారు?

కోరంగి కుర్రోడు:
బాబాయే రైటు. డాల్ఫిన్ కూడా మనలా గాలి పీల్చాల్సిందే. గిల్ నెట్‌లో చుట్టుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. గోడ మీద బొమ్మ ఆ వలని విప్పుతుందా?

రంగులపెట్టె:
నేను డ్రాయింగ్ టీచర్ని, కాబట్టి నా మాటలో కొంచెం స్వార్థం ఉంది. 1961లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్‌కి పాండా గుర్తు గీసింది పీటర్ స్కాట్ అనే చిత్రకారుడే. పాండాని ఎన్నడూ చూడని మా పిల్లలు కూడా దాన్ని గుర్తుపడతారు. ఇరావడీ డాల్ఫిన్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. పేరు బర్మా నదిదే గానీ, రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1866లో ఆ జాతిని మొదటిసారి వర్ణించింది 1852లో మన విశాఖ రేవులో దొరికినదాన్ని బట్టి! ఈ సంగతి గోడెక్కాలా వద్దా?

ఉప్పాడ వేటగాడు:
టీచరుగారూ, చేపల వేటకెళ్లేవాణ్ణి, నా మాట కూడా వినండి. వలలో డాల్ఫిన్ పడితే మాకు ముందొచ్చేది జాలి కాదండి, టెన్షన్. అది వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. వేటాడారని కేసు రుజువైతే కనీసం మూడేళ్లు జైలు. కావాలని పట్టలేదని ఎవరికి చెప్పుకుంటాం? ఓసారి మా వలలో ఒకటి చుట్టుకుంది. వల కోద్దామని కత్తి తీశాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని "అప్పు తీరని వలరా" అన్నాడు. ఒక్కో ముడీ విప్పుతూ కూర్చున్నాం. అది రెండుసార్లు బుస్సుమని, ఊరుకుంది. చివరికి వల కోశాం గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. బొమ్మ చూడకపోవడం వల్ల జరిగిందా అది?

కోరంగి కుర్రోడు:
అదే నేననేది. మహారాష్ట్రలో 2018 నుంచి, వల కోసి ఇలాంటి రక్షిత జీవిని వదిలేసి ఫొటోనో వీడియోనో చూపిస్తే 25 వేల దాకా పరిహారం ఇస్తున్నారు. చందా పోగేసే ఓపిక ఉంటే, ఇక్కడా అలాంటిది కావాలని అర్జీ పెట్టండి.

రంగులపెట్టె:
అర్జీ పెట్టాలన్నా ముందు ఆ జీవి ఒకటుందని తెలియాలిగా? ఒడిశాలో చిలిక సరస్సు దగ్గర దాన్ని చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని పడవెక్కుతారు.

ఉప్పాడ వేటగాడు:
చిలిక బేరం వేరండి, అక్కడ అది బతికుంటే పడవలవాళ్లకి డబ్బులు. మాకు వల పోతుంది.

రేవుగట్టు:
అర్జీ సంగతి ఆదివారం మీటింగులో పెడతా. బొమ్మ మాత్రం మానం. నిన్న స్కెచ్ బాబాయికి చూపించా. పొడుగు మూతితో గాల్లోకి ఎగురుతున్న డాల్ఫిన్, నెట్‌లో దొరికిందే. ఆయన వల అల్లుతూ ఓ చూపు చూసి, పెన్సిల్ లాక్కుని మూతి చెరిపేశాడు. తల గుమ్మడికాయలా గుండ్రంగా చేసి, వీపు మీద రెక్క చిన్నది చేశాడు. "ఇది అంత ఎత్తు ఎగరదురా" అని నీళ్లలోకి దించాడు. ఆ తర్వాత దాని చుట్టూ వల గీయడం మొదలెట్టాడు. మెట్ట మీంచి వచ్చినవాళ్లకి ఆ వల నచ్చకపోవచ్చు. ఉంచమంటారా?