పురావాతావరణమా, ప్రాచీన శీతోష్ణస్థితియా?

శిలాజాల ఆధారంగా పూర్వయుగాల ఎండావానల తీరును తెలుసుకునే శాస్త్రాన్ని ‘పురావాతావరణ శాస్త్రం’ అనవచ్చునా అని అడిగిన మిత్రులకు, అనకపోవడమే మంచిదని నా సమాధానం. ఆయా రోజుల స్థితిని వాతావరణమనీ, ఏళ్ల తరబడి సగటున నిలిచే స్థితిని శీతోష్ణస్థితి అనీ మన పాఠ్యపుస్తకాలు వేరు చేశాయి. పత్రికలు ‘వాతావరణ మార్పు’ అని రాస్తూ ఆ హద్దును చెరిపేశాయి. పైగా వాత, ఆవరణ పదాలు కలిసిన ఈ మాటకు భూమిని కమ్ముకున్న గాలిపొర అనే అర్థం కూడా ఉంది. శిలాజాల విషయంలో చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒక్క ఆకు శిలాజమే శీతోష్ణస్థితి, గాలిపొర ఈ రెండింటి గురించీ వేర్వేరుగా సాక్ష్యం చెబుతుంది. వెచ్చని ప్రాంతాల అడవుల్లో నున్నని అంచు ఆకులున్న ద్విదళబీజ వృక్షజాతుల వాటా ఎక్కువనీ, చల్లని ప్రాంతాల్లో రంపపు అంచువాటి వాటా పెరుగుతుందనీ వృక్షశాస్త్రజ్ఞులు బెయిలీ, సినట్ 1915లో చూపారు. మర్రి, మామిడి ఈ సూత్రానికి లోబడతాయి గాని మన వేపాకు అంచు రంపమే. కాబట్టి లెక్కించవలసింది ఒక చెట్టును కాదు, ఒకచోట దొరికిన జాతులన్నిటినీ. ఇలా తెలిసేది శీతోష్ణస్థితి.

అదే ఆకుపై ఉన్న పత్రరంధ్రాలను (గాలి వచ్చిపోయే సన్నని రంధ్రాలను) లెక్కిస్తే తెలిసేది గాలి సంగతి. కార్బన్ డయాక్సైడ్ (మన పెద్దల ‘బొగ్గుపులుసు గాలి’) పెరిగితే చాలా మొక్కల్లో ఆ రంధ్రాలు తగ్గుతాయి. భద్రపరచిన ఎండుటాకులను పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞుడు వుడ్‌వర్డ్, సుమారు 200 ఏళ్లలో ఆ రంధ్రాల సాంద్రత 40 శాతం మేర తగ్గిందని 1987లో ప్రకటించారు. ఈ పద్ధతితో తెలిసేదానికి ‘పురావాతావరణం’ అన్న మాట చక్కగా అతుకుతుంది.

గోదావరి లోయ బొగ్గుపొరల కాలపు గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుల అంచు కూడా నున్ననిదే. అయితే ఆ మొక్క ద్విదళబీజం కాదు, అది పెరిగింది ఆనాడు దక్షిణ ధ్రువం వైపునున్న చల్లని నేలల్లో (మన భూభాగమూ అప్పుడు అటువైపే ఉండేది); అందుచేత అంచు సూత్రం దానికి వర్తించదు. ఆనాటి రాతిమారిన మానుల్లో కనిపించే వార్షిక వలయాలే ఋతుభేదాన్ని తెలుపుతాయి.

శీతోష్ణస్థితిలో వాన మాటే లేదనే ఆక్షేపణ న్యాయమైనదే, కాని వాడుక ఆ లోటును ఏనాడో పూడ్చింది. ‘పురాశీతోష్ణస్థితి’ పలకడానికి బరువనిపిస్తే ‘ప్రాచీన శీతోష్ణస్థితి’ అనవచ్చు.