సమస్యాపూరణం: ‘రంగు లేని బొమ్మ రంగు లీనె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగవ పాదం; ముందరి మూడు పాదాలు మీరు అల్లి దానిని పూరించాలి. విషయం బాపు గారి చిత్రకళ. 1933లో నరసాపురంలో పుట్టి, 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, నల్లకోటుకు బదులు నల్లసిరాను ఎంచుకొన్న ఆయన జీవితంలో ఏ ఘట్టాన్నైనా తీసుకోవచ్చును.

గౌతమీతీరవాసి:

బుడుగు నల్లమసిని బుట్టి నవ్వినయంత
చదువువాడు మదిని చాయలద్దె;
అడుగలేదు పిల్ల లా గీతకే రంగొ
రంగు లేని బొమ్మ రంగు లీనె.

నిర్వాహకుడు: మూడవ పాదం హాయిగా ఉన్నది. బుడుగు మొదట పుట్టినది ముళ్ళపూడి వెంకటరమణ గారి కలంలో కదా అని ఎవరైనా అడ్డు చెప్పవచ్చును గాని, మసి కలానికీ కుంచెకూ ఉమ్మడి సొత్తు కనుక పద్యానికి దోషం లేదు.

అచ్చుకూటం: నాదొక మాట. ఆనాటి వారపత్రికల ముతక కాగితం మీద ఛాయాచిత్రాల చుక్కల బ్లాకులు (అచ్చుదిమ్మెలు) అలుక్కుపోయేవి, గీతబొమ్మ బ్లాకు మాత్రం స్పష్టంగా పడేది. కథల బొమ్మలలో నీడలను పూయకుండా, జడ వంపునూ పమిట అంచునూ ఒక్క గీతలో తేల్చే బాపు గారి పద్ధతి ఆ అచ్చుకు అమరిపోయింది. పూరణలో ఈ సంగతి ఎవరూ తేలేదు.

కొత్తచేయి:

సాక్షి తీసినపుడె చక్కని హరివిల్లు
తెరను విరిసె నంచు తెలుగు మురిసె;
కుంచె పట్టు చేత గోదావరిని దెచ్చె
రంగు లేని బొమ్మ రంగు లీనె.

మొదటి పాదంలో ‘సాక్షి’లోని సకారానికి ‘చక్కని’లోని చకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో కుదరవలసిన మైత్రి) చెల్లునా అన్నది నా సందేహం.

నిర్వాహకుడు: యతి చెల్లుతుంది. చిక్కు యతిలో లేదు, హరివిల్లులో ఉన్నది. బాపు గారి దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘సాక్షి’ నలుపు తెలుపు చిత్రం. గోదావరి ఒడ్డున పులిదిండిలో తీసిన ఆ సినిమాలో ఏరూ పడవా ఉన్నాయి కాని తెర మీద హరివిల్లు విరిసే వీలు లేదు. మూడవ పాదాన్ని ఉంచుకొని, మొదటి రెండింటినీ మార్చండి.

గౌతమీతీరవాసి: ఆ దారినే మరొకటి పంపుతున్నాను. సినిమా తీసే ముందు షాట్లన్నిటినీ బొమ్మలుగా వేసుకొనే బాపు గారి అలవాటు దీనికి ఆధారం.

ముందు కాగితమున ముత్యాల ముగ్గును
నల్లగీతలందె నాటి నిలిపె;
తెరకు నెక్కినంత తెల్లవారెను చూడ
రంగు లేని బొమ్మ రంగు లీనె.

నిర్వాహకుడు: రంగు లేనిది రంగు లీనడమనే సమస్యలోని విరోధం ఇక్కడ అక్షరాలా పరిహారమైనది. మొదటి పూరణలో రంగు పాఠకుని ఊహలో మాత్రమే ఉండగా, ఇందులో కాగితం మీది నలుపే 1975 నాటికి వెండితెర మీద ‘ముత్యాల ముగ్గు’ అనే వర్ణచిత్రమైంది. నా ఓటు దీనికే.

అచ్చుకూటం: ‘చూడ’ పాదపూరణకు వచ్చిన మాట. ‘తెల్లవారెను పల్లె’ అంటే గణమూ చెడదు, అర్థమూ నిండుతుంది. ఆ వెలుగులో ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య వాటాను కూడా మరువరాదు. జాతీయ పురస్కారం ఆ చిత్రానికే కాక ఆయన కెమెరా పనితనానికి కూడా వచ్చింది.

గౌతమీతీరవాసి: ‘పల్లె’ను స్వీకరించాను. ఇషాన్ ఆర్య గారికి ఈ నాలుగు పాదాలలో చోటు చాలదు, ఆయనకు వేరొక పద్యం వ్రాస్తాను.